వైరల్ మెనింజైటిస్: తగ్గిపోయే జబ్బే, కానీ...

మెదడునూ వెన్నుపామునూ చుట్టి ఉండే పొరలు వాస్తే అది మెనింజైటిస్. బాక్టీరియా వల్ల వస్తే గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. వైరస్ వల్ల వచ్చినది చాలామందికి వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. నడుము దగ్గర సూది గుచ్చి తీసిన వెన్నునీరు తేటగా ఉందని, పరీక్షల్లోనూ బాక్టీరియా లేదని తేలాక డాక్టరు "వైరలేనండీ, భయపడకండి" అంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ ధైర్యం సబబే. అయితే కొద్దిమందిలో కథ అక్కడితో అయిపోదు.

వైరస్ పొరల దగ్గరే ఆగిందా, మెదడులోకే దిగిందా అన్నది అసలు ప్రశ్న. పొరల వాపులో జ్వరం, తలనొప్పి, మెడ పట్టేయడం ఎంత బాధపెట్టినా మనిషి మాట తిన్నగా ఉంటుంది. మెదడువాపు మొదలైతే మాట తడబడుతుంది, అయినవాళ్లను పోల్చుకోలేరు, ఫిట్స్ వస్తాయి. హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ ఇందులో మహా ప్రమాదకారి. మందు లేని రోజుల్లో హెర్పిస్ మెదడువాపు వచ్చిన పదిమందిలో దాదాపు ఏడుగురు చనిపోయేవారు. అందుకే అనుమానం రాగానే, రిపోర్టు కోసం ఆగకుండా, ఎసైక్లోవిర్ అనే మందు ఎక్కించడం మొదలుపెడతారు.

ఎక్కువ మందికి వైరల్ మెనింజైటిస్ తెచ్చేవి ఎంటిరోవైరస్‌లు. మామూలుగా ఇవి నెమ్మదైనవే. కానీ 1998లో తైవాన్‌లో ఎంటిరోవైరస్ 71 విజృంభించి 78 మందిని బలితీసుకుంది. వారిలో అత్యధికులు పసిపిల్లలే. వైరస్ మెదడు కాండాన్ని దెబ్బతీయడంతో ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పుట్టి రెండు వారాలైనా నిండని బిడ్డకు ఎంటిరోవైరస్ సోకితే కాలేయం, గుండె కూడా దెబ్బతినవచ్చు. అది తల్లి నుంచే సోకవచ్చు కాబట్టి, కాన్పు సమయంలో తల్లికి జ్వరం ఉంటే ఆ సంగతి పిల్లల డాక్టరుకు చెప్పి తీరాలి.

గవదబిళ్లల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆ వైరస్ మెదడు పొరలకు వాపు తేగలదు, ఒక్కోసారి దవడ ఏమాత్రం ఉబ్బకుండానే. అరుదుగా లోపలి చెవినీ పాడుచేస్తుంది. సాధారణంగా ఒక్క చెవే పోతుంది, తిరిగి రాదు. రెండో చెవితో నెట్టుకొస్తున్న పిల్లవాడికి తనకు లోపం ఉందనే తెలియదు. ఫోన్ ఎప్పుడూ ఒకే చెవికి పెట్టుకుంటున్నాడని, పక్కనుంచి పిలిస్తే వేరే వైపు చూస్తున్నాడని తల్లి గమనించేదాకా అది బయటపడకపోవచ్చు. మన ప్రభుత్వం ఉచితంగా వేసే ఎంఆర్ టీకా తట్టుకూ రుబెల్లాకే. గవదబిళ్లల రక్షణ కావాలంటే ఎంఎంఆర్ వేయించాలి. ఈ లోటు తీరాలని నా గట్టి అభిప్రాయం.

ఇక జ్వరం తగ్గాక నీరసం, తలనొప్పి, చదివింది బుర్రకెక్కకపోవడం కొందరిలో వారాలు, నెలలు సాగుతాయి. అది బద్ధకం కాదు. అలాంటి పిల్లల్ని వెంటనే పరీక్షలకు, ఆటలకు తరమకండి.

ఇంటికి పంపించాక మళ్లీ మగత, తికమక, ఫిట్స్, ఆగని వాంతులు కనిపిస్తే తెల్లవారేదాకా చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. గవదబిళ్లల తర్వాత మెనింజైటిస్ వచ్చిన పిల్లలకు రెండు చెవులకూ విడివిడిగా వినికిడి పరీక్ష చేయించండి.