మన చలియు పొరుగు చలియు
తాబి వరి నారుమళ్లు పోయు రైతులు గమనింపవలసిన సంగతులు

చలికాలమను మాట దేశమంతట నొక్కటియే కాని, చలి యొక్కటి కాదు. పుష్యమాసమున ఒకే రాత్రి కృష్ణా డెల్టాలోని రైతు పలుచని దుప్పటితో సుఖముగా నిద్రించుచుండగా, నిజామాబాదు ప్రాంతపు రైతు నెగడు ప్రక్కన గూర్చుండి తెల్లవాఱుటకై యెదురుచూచుచుండును. ఇరువురును వరియే పండింతురు. ఇరువురును నారుమడియే పోయుదురు. అయినను ఒకరికి తగిన అదను వేఱొకరికి తగదు. ఈ భేదము నెఱుగక పోసిన నారు పసుపువన్నె దాల్చి, యెదుగుట మాని, నాటుటకు పనికిరాకుండ పోవును. నారు చెడిన యెడల విత్తనపు ఖర్చు మాత్రమే గాక కాలము గూడ నష్టమగును. ఆలస్యముగా నాటిన పైరు ఈనువేళకు ఎండలు ముదురును. చెఱువులలోను బావులలోను నీరు తగ్గును. కనుక నారుమడి చెడుట యనగా తాబి పంటయే సంకటమున బడుట యని తెలియవలెను.

మంజీరానదిపై నిజాంసాగరము 1931లో పూర్తియైన పిదప కోస్తా జిల్లాలనుండి యెందఱో కర్షకులు వచ్చి ఆ కాలువల క్రింద భూములు సాగుచేసిరి. డెల్టాలో నేర్చిన సేద్యపు నేర్పు వారికెంతయో ఉపకరించును. కాని డెల్టా యొక్క నారు పోయు తేదులు మాత్రము ఇచ్చట నక్కఱకు రావు. దీనికి గారణము భూమిలో లేదు, గాలిలో నున్నది.

పగలు సమానము, రాత్రి భిన్నము

జనవరి మాసమున మచిలీపట్టణమునందును హైదరాబాదునందును పగటి వేడిమి సుమారు 28, 29 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు పోవును. పగటిని మాత్రమే చూచువారికి రెండు తావులకు భేదము గానరాదు. రాత్రి కనిష్ఠోష్ణమును చూచిన నిజము తెలియును. ఆ మాసపు సగటున అది మచిలీపట్టణమున సుమారు 19 డిగ్రీలు. హైదరాబాదున సుమారు 15. ఆదిలాబాదున సుమారు 13. ఢిల్లీలో నైతే రాత్రి సుమారు 7 డిగ్రీలకు దిగుటయే గాక, పగలు సైతము 20 డిగ్రీల దరిదాపున నుండును. అనగా ఉత్తరదేశమున రేయింబవళ్లు చలి; తీరమున రెండును వెచ్చన; తెలంగాణమున పగలు తీరమువలెను, రాత్రి కొంతమేర ఉత్తరదేశమువలెను ఉండును. మధ్యాహ్నపు టెండను నమ్మి రాత్రిని మఱచుటచేతనే ఇచ్చటి నారుమళ్లు తఱచుగా మోసపోవుచున్నవి.

భేదమునకు గల కారణములు

మొదటిది సముద్రము. నీరు మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లాఱును. నేల త్వరగా వేడెక్కి త్వరగా చల్లాఱును. సముద్రపు ప్రక్కనున్న గాలి రాత్రియందును వెచ్చదనమును నిలుపుకొనును.

రెండవది ఎత్తు. ప్రతి 1000 మీటర్ల యెత్తునకు సుమారు 6 డిగ్రీల చొప్పున చలి హెచ్చును. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల యెత్తున నున్నది. హైదరాబాదునకు మిక్కిలి దక్షిణముగా నున్నను, 2200 మీటర్లకు పైబడిన యెత్తుననుండుటచే ఉదకమండలమునందు డిసెంబరు, జనవరి మాసములలో మంచు గడ్డకట్టి తేయాకు తోటలను మాడ్చును. విశాఖ మన్యమునందలి లంబసింగిలో చలి యధికమగుటకును ఎత్తే ముఖ్యకారణము.

మూడవది ఆకాశము. పగలు నేల గ్రహించిన వేడిమి రాత్రి పైకి పోవుచుండును. మబ్బును, గాలిలోని తేమయు దానికి కప్పువలె అడ్డుపడును. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనముచే నెల్లూరు మొదలగు తీరభూములకు మబ్బులును వానలును గలుగును. తెలంగాణమునకు వానలో నధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు లోపలనే కురియును. పిమ్మట ఆకాశము నిర్మలమై, గాలి పొడిదేఱి, నేల వేడిమి యడ్డులేక పోవును.

నాలుగవది ఉత్తరపు గాలి. శీతకాలమున పడమటినుండి వచ్చు వాయుక్షోభములు ఉత్తరదేశమును దాటిపోవును. అవి పంజాబు గోధుమపైరునకు వానయు, హిమాలయమునకు మంచును ఇచ్చును. అవి తూర్పునకు సాగిన వెనుక శీతలమైన పొడిగాలి మధ్యదేశముమీదుగా దక్షిణమునకు దిగును. ఆదిలాబాదు హైదరాబాదు కంటె పల్లమున నున్నను, ఉత్తరముగా నుండుటచే ఈ గాలికి ముందుగా గురియగును. ఆ వాన మనకు సాధారణముగా రాదు. ఆ చలి మాత్రము వచ్చును. హైదరాబాదునందు 1946 జనవరి 8వ తేదీన కనిష్ఠోష్ణము 6.1 డిగ్రీలకు దిగినది. ఆ మాసపు సగటు కంటె నిది సుమారు 9 డిగ్రీలు తక్కువ. ఇట్టి రాత్రులు అరుదైనను, రావని తలంపరాదు.

ఈ ప్రాంతభేదమును బట్టియే 1875లో స్థాపింపబడిన భారత వాతావరణ శాఖవారు శీతగాలి యనుటకు వేఱువేఱు హద్దులు నిర్ణయించిరి. మైదానములందు కనిష్ఠోష్ణము 10 డిగ్రీలకు గాని అంతకు లోపలకు గాని దిగి, ఆ తావు సగటు కంటె 4.5 డిగ్రీలైనను తగ్గినప్పుడు శీతగాలి యందురు. తీరమున 15 డిగ్రీలకు దిగి, సగటు కంటె అంతయే తగ్గిన జాలును. కొండప్రాంతములకు మొదటి హద్దు 0 డిగ్రీ. కావున పత్రికలలో శీతగాలి యని చదివినప్పుడు అది యే ప్రాంతమునకు చెప్పబడినదో చూచుకొనవలెను.

చలివలన లాభము నష్టము

చలి యన్ని పైరులకును శత్రువు గాదు. గోధుమ, శనగ, కుసుమ మొదలగు పైరులు చల్లని రాత్రులను గోరును. మామిడిచెట్టు పూతకు వచ్చుటకును కొంత చలి యావశ్యకము. వరి యట్లుగాదు. అది వేడిమిని గోరు పైరు. రాత్రులు 12, 13 డిగ్రీలకు దిగినపుడు మొలకయు లేతనారును ఎదుగుట మందగించును. వేళ్లు భాస్వరమును, జింకును చక్కగా గ్రహింపజాలవు. పొట్టదశయందు రాత్రులు 18 డిగ్రీలకు మిక్కిలి దిగినచో పుప్పొడి చెడి తాలు హెచ్చును. పూతవేళ పగటి వేడిమి 35 డిగ్రీలు మించినను తాలే కలుగును.

ఇందువలన తాబి వరికి రెండు ప్రక్కలను గోడలున్నవి. మిక్కిలి ముందుగా పోసిన పైరు పొట్టదశలో పుష్యపు చలికి జిక్కును. మిక్కిలి ఆలస్యముగా పోసినది లేతప్రాయమున చలికిని, పూతవేళ ఎండకును జిక్కును. స్వల్పకాలిక రకములకు నవంబరు మాసమున, అనగా విశాఖ, అనూరాధ కార్తెలలో, నారు పోయుట మేలు. మూలకార్తె ప్రవేశించునప్పటికి నారు వేరూని నిలదొక్కుకొని యుండవలెను. చలి కోర్చు తెల్లహంస వంటి రకములు చలి యధికమగు తావులకు తగియుండును.

నారుమడి రక్షణము

1. విత్తనములను 24 గంటలు నానబెట్టి, తడి గోనెలలో గట్టి, వెచ్చని చోట మండె వేయవలెను. చలిదినములలో మొలక వచ్చుటకు 36 మొదలు 48 గంటలు పట్టును. మొలక రాకముందే తొందరపడి చల్లరాదు.

2. ఎకరమునకు కావలసిన రెండు గుంటల నారుమడికి బాగుగా మాగిన పశువుల యెరువు వేయవలెను. సాధారణముగా వేయు 1 కిలో భాస్వరమునకు బదులు, చలి ప్రాంతములందు 2 కిలోలు వేయవలెను. జింకు లోపము గనబడినచో లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి చల్లవలెను.

3. రాత్రి చల్లాఱిన నీటిని ఉదయముననే మడినుండి తీసివేసి, క్రొత్తగా బావినీరు పెట్టవలెను. శీతకాలపు ఉదయమున భూగర్భజలము గాలి కంటె వెచ్చగా నుండును.

4. మడిపై కఱ్ఱలు వంచి గుచ్చి, సాయంకాలమున పాలితీన్ పట్టానుగాని, ఎరువుల సంచులు కలిపి కుట్టిన పట్టానుగాని కప్పి, ప్రొద్దెక్కగానే తీసివేయవలెను. పట్టా నారునకు తగులకుండవలెను. పగలు కప్పియుంచిన నారు ఉక్కకు చెడును.

5. నారుమడికి పల్లపు భూమి తగదు. చల్లనిగాలి బరువైనది గనుక నీటివలెనే పల్లమునకు ప్రవహించి నిలుచును. ఒకే గ్రామమునందు మెఱకమడి పచ్చగానుండగా పల్లపుమడి పసుపుబాఱుటకు ఇదియొక కారణము.

రాబోవు చలికి గుర్తులు

రెండు దినములు ఉత్తరపు పొడిగాలి వీచి, సాయంకాలమునకు గాలి యడగి, ఆకాశమున నక్షత్రములు స్పష్టముగా కానవచ్చినచో ఆ రాత్రి చలి హెచ్చునని యెఱుగవలెను. తూర్పునుండి మబ్బు గ్రమ్మినచో చలి విఱుగును. వాతావరణ శాఖవారి సూచనలు జిల్లాకంతటికిని చెప్పబడునవి. పల్లపుమడిలో చలి అంతకంటె హెచ్చుగా నుండవచ్చును. కనిష్ఠోష్ణమును జూపు ఉష్ణమాపకము నొకదానిని పొలమున నీడపట్టున వ్రేలాడగట్టి, ప్రతి ఉదయము చూచి వ్రాసికొనిన యెడల రెండు మూడేండ్లలో ఆ పొలము యొక్క చలి స్వభావము తేటతెల్లమగును.

శివరాత్రికి చలి శివశివా యని పోవునని సామెత. కాని నారుమడి శివరాత్రి వఱకు వేచియుండదు. పొరుగు జిల్లాలో బంధువు ఎప్పుడు నారు పోసెనని విచారించుటకు ముందు, తన పొలమున రాత్రి చలి యెంతయో విచారించుకొనిన రైతునకు విత్తనమును, నీరును, కాలమును దక్కును.