రైతు పక్షాన నిలిచిన బారిస్టరు

ఆంధ్రకేసరి అనగానే విద్యార్థికి స్ఫురించేది 1928 ఫిబ్రవరి 3న సైమను కమిషను బహిష్కరణ సందర్భాన మద్రాసు వీధిలో తుపాకుల ముందు రొమ్ము విప్పి నిలిచిన మూర్తి. ఆ సాహసం చిరస్మరణీయమే. అయితే పదేళ్ళ తరువాత అదే మహనీయుడు శాసనసభ్యుడుగా, పాత శాసనాలను, దస్తావేజులను ముందు పెట్టుకొని సాగించిన పోరాటం మరొకటి ఉన్నది. అది తెలియనిదే ఆయన జీవితం సగమే తెలిసినట్లు.

టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతపు వినోదరాయునిపాలెంలో జన్మించారు. చిన్ననాటనే తండ్రి గతించగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి బిడ్డలను సాకారు. చదువు ఎక్కడ ఆగిపోతుందో అన్న తరుణంలో ఆదుకొన్నవారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు. శిష్యుణ్ణి రాజమహేంద్రవరానికి వెంటబెట్టుకొనిపోయి చదివించి, న్యాయశాస్త్ర విద్యకై మద్రాసుకు పంపడంలోనూ ఆయన తోడ్పడ్డారు. ఒక బడిపంతులు వాత్సల్యం ఆంధ్రులకు ఒక నాయకుణ్ణి ప్రసాదించింది.

రాజమహేంద్రవరంలో రెండవ తరగతి ప్లీడరుగా పేరు గడించి, ఆ పురపాలక సంఘానికి అధ్యక్షులైన ప్రకాశంగారు, ఆ తరువాత ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై వచ్చారు. మద్రాసు హైకోర్టులో ధనం, కీర్తి పుష్కలంగా లభించాయి. 1921లో గాంధీజీ పిలుపు విని ఆ వృత్తిని తృణప్రాయంగా విడిచిపెట్టారు. ఆర్జించినదంతా ‘స్వరాజ్య’ పత్రికకు ధారపోశారు.

వృత్తిని వదలినా, న్యాయశాస్త్రం ఆయనను వదలలేదు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రియైన పంతులుగారు, జమీందారీ రైతుల స్థితిగతులు విచారించే సంఘానికి అధ్యక్షత వహించారు. జమీందారు భూమికి యజమానియా, లేక శిస్తు వసూలు చేసే మధ్యవర్తియా? ఇదీ ప్రశ్న. కుంఫిణీవారు 1802లో శాశ్వత శిస్తు నిర్ణయం చేసి, జమీందారు సర్కారుకు కట్టవలసిన పేష్కషును స్థిరపరచారు. పేష్కషు పెరగలేదు, రైతు కట్టే శిస్తు మాత్రం అనేకచోట్ల పెరుగుతూ వచ్చింది. ఈ వ్యత్యాసమే ఎస్టేట్ల సిరికి ఆధారమైంది.

సంఘం ఇరుపక్షాల సాక్ష్యాలను విన్నది. పూర్వపు రెగ్యులేషన్లను పరిశీలించింది. 1938లో సమర్పించిన నివేదిక సారాంశమిది: భూమి రైతుది, జమీందారుకు ఉన్నది శిస్తు వసూలు హక్కు మాత్రమే, 1802 నాటి శిస్తే నేటికీ ప్రమాణం కావాలి. కరుణతో కోరదగిన కోరికను పంతులుగారు చట్టం ఒప్పుకోక తప్పని హక్కుగా నిరూపింపజూశారు. పేదవాని పక్షాన మాట్లాడినవారు అనేకులున్నారు. పేదవాని పక్షాన శాసనాన్నే మాట్లాడించినవారు కొందరే.

నివేదిక శాసనం కాకమునుపే యుద్ధం వచ్చింది. 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసి, జమీందార్లకు పరిహారమిచ్చి, భూములను రైత్వారీలోకి తెచ్చింది. సంఘం సూచించిన మార్గం అచ్చంగా ఇదే కాదు. అయినా జమీందారీ హక్కు ప్రశ్నింపరానిదన్న భావాన్ని కదలించిన ఘనత ఆ నివేదికకు చెందుతుంది.

ప్రకాశంగారు 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధాని అయినారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి అయినారు. 1954 నవంబరులో శాసనసభలో ఒక్క వోటు తేడాతో ఓడి పదవి వదలుకొన్నారు. లక్షలు గడించిన బారిస్టరు 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూసేనాటికి కూడబెట్టిన ఆస్తి లేదు.

నేడు ఒక జిల్లా ఆయన పేరు వహిస్తున్నది. కృష్ణానదిపై బారేజీ ఆయన పేరనే నిలిచింది. తన పొలం తనదేనని చెప్పుకోగలిగిన రైతు ధైర్యంలో పేరు చెక్కని మరొక స్మారకం ఉన్నది. పౌరశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడు విప్పిన రొమ్ముతోపాటు, విప్పిన ఆ శాసన గ్రంథాలను కూడ పిల్లలకు చూపగలిగితే, పంతులుగారి కథ సంపూర్ణమవుతుంది.