మధుమేహపు మాత్ర – మేదస్సు

షుగరు మాత్రతో చక్కెర తగ్గినను బరువేల పెరుగుచున్నదని కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతపు రోగులు కొందరు అడుగుచుందురు. ఆ మాత్ర పియోగ్లిటజోన్ అయినచో, కారణము కొవ్వు కణములలో నున్నది.

ఈ ఔషధము ఇన్సులిన్‌ను అధికముగా స్రవింపజేయదు. కొవ్వు కణములలోని పీపార్-గామా అను గ్రాహకమును మేల్కొల్పును. అంతట చర్మము క్రింద చిన్నవైన క్రొత్త కొవ్వు కణములు ఏర్పడి, రక్తములో తిరుగు కొవ్వును నిలువ చేసుకొనును. గుమ్మి పెద్దదైనచో వాకిటి వడ్లు లోనికి చేరినట్లు, కాలేయము, కండరములపై కొవ్వు భారము తగ్గి, అచట ఇన్సులిన్ చక్కగా పనిచేయును.

ప్రమేహమున కఫముతోపాటు మేదస్సు, క్లేదము దూషితములగునని చరకుడు చెప్పెను. ఈ ఔషధము మేదస్సును పెంచుటయే గాక దేహమున నీటిని కూడ నిలుపును. పాదముల వాపు, ఆయాసము కనిపించినచో వెంటనే వైద్యునికి చూపవలెను. హృదయ వైఫల్యము గలవారికి ఇది తగదు.

హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ కనుగొనిన రాగాగ్లిటజార్ ఈ కోవకు దగ్గరిదే. జంతువులలో మూత్రాశయపు గడ్డలు కనిపించుటచే 2002లో దాని పరీక్షలు నిలిచిపోయెను. పియోగ్లిటజోన్‌ను 2013లో కేంద్ర ప్రభుత్వము ఆపి, కొలది వారములకే మూత్రాశయ కాన్సరు హెచ్చరికతో మరల అనుమతించెను. మూత్రములో రక్తము కనిపించినచో ఉపేక్షింపరాదు.

మాత్రను స్వయముగా మానరాదు. కాకరరసము వంటివి చేర్చినచో చక్కెర మరీ పడిపోవచ్చును గాన ముందుగా వైద్యునికి చెప్పవలెను. జొన్నరొట్టె అయినను మితముగా భుజించి, నిత్యము నడువవలెను.