చప్పుడు చేయని అరుగుదల

పాత మోటార్ సైకిలు కొనేటప్పుడు మనలో చాలామంది చేసే మొదటి పని, ఇంజను స్టార్ట్ చేసి చెవి ఒగ్గి వినటం. చప్పుడు మెత్తగా ఉంటే "ఇంజను బ్రహ్మాండం" అని తీర్మానించేస్తాం. టకటకమంటే మొహం చిట్లిస్తాం. ఇది హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంజనీరింగు చదివే రోజుల్లో అంటుకున్న అలవాటు. "ట్యాపెట్ సౌండ్ వస్తోంది, కాస్త టైట్ చెయ్యన్నా" అని వీధి చివరి మెకానిక్కుకి చెప్పటం, అతను పావుగంటలో ఆ శబ్దం పోగొట్టటం, మనం సంతోషంగా ఇంటికి పోవటం. (ఆర్‌ఎక్స్ 100 నడిపినవాళ్ళకి ఈ బాధ లేదు. అది రెండు స్ట్రోకుల బండి, అందులో ట్యాపెట్లే ఉండవు!)

ఈ చెవి పరీక్షని పూర్తిగా నమ్మొద్దని చెప్పటానికే ఈ వ్యాసం. నాలుగు స్ట్రోకుల ఇంజనుకి వచ్చే ఖరీదైన జబ్బుల్లో ఒకటి ముదిరేకొద్దీ చప్పుడు పెంచదు, తగ్గిస్తుంది.

ఎలాగో చూద్దాం. ఇంజనులోకి గాలీ పెట్రోలూ రావటానికి కొన్ని వాల్వులు, కాలిన పొగ బయటికి పోవటానికి కొన్ని వాల్వులు ఉంటాయి. క్యామ్ అనే ఇరుసు మీద కోడిగుడ్డు ఆకారంలో ఉన్న ఉబ్బు వచ్చి నొక్కినప్పుడు వాల్వు తెరుచుకుంటుంది, స్ప్రింగు దాన్ని మళ్ళీ మూసేస్తుంది. ఇంజను 6,000 ఆర్‌పీఎమ్ మీద తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకి 50 సార్లు ఈ పని చేస్తుంది. వేడికి వాల్వు సాగుతుంది కాబట్టి, అది మూసుకుని ఉన్నప్పుడు క్యామ్‌కీ దానికీ మధ్య కొంచెం సందు వదులుతారు. మనం విన్న టకటక ఆ సందుదే.

బండి తిరిగేకొద్దీ వాల్వు అంచూ, అది కూర్చునే సీటూ అరుగుతాయి. అరిగినంత మేరా వాల్వు పైకి జరుగుతుంది, అంటే క్యామ్ వైపుకి. సందు తగ్గుతుంది, దాంతోపాటు చప్పుడూ తగ్గుతుంది. యజమాని "ఇంజను సెట్టయింది" అనుకుంటాడు. ఒకరోజు సందు సున్నా అవుతుంది, ఇక వాల్వు పూర్తిగా మూసుకోదు. పొగ వాల్వు తనలోని వేడిని ఎక్కువ భాగం సీటుని తాకినప్పుడే దించుకుంటుంది. తాకటం మానేస్తే చల్లబడే దారి పోతుంది, పైగా మండుతున్న వాయువు ఆ అంచు పక్కనించే దూసుకుపోతుంది. వాల్వు కాలిపోతుంది. అప్పటికి గానీ బయటికి ఏమీ తెలియదు. పొద్దున్నే స్టార్ట్ అవటానికి మొండికేస్తుంది, కంప్రెషన్ పడిపోతుంది. ఆ దశలో సిలిండర్ హెడ్ ఊడదీయక తప్పదు. లాగ్ లో ఒక్క వార్నింగు కూడా రాయకుండా ప్రొడక్షన్ లో కూలిపోయే ప్రోగ్రాము లాంటిదన్నమాట.

ఇక నా బండి సంగతి. నేనుండేది ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ లో. రెండేళ్ళ క్రితం 2007 మోడల్ సుజుకి ఎస్‌వీ650 ఒకటి 2,600 డాలర్లకి కొన్నాను. 645 సీసీ, రెండు సిలిండర్ల వీ-ట్విన్, ఎనిమిది వాల్వులు. మీటరు మీద 17,400 మైళ్ళు. అమ్మినాయన ఆయిలు మార్చిన రసీదులన్నీ పద్ధతిగా దాచాడు. వాల్వుల సందు చూసినట్టు మాత్రం ఒక్క కాగితం లేదు. ఈ బండికి 24,000 కిలోమీటర్లకి, అంటే సుమారు 15,000 మైళ్ళకి ఒకసారి ఆ సందు కొలవాలని సర్వీసు మాన్యువల్ చెబుతుంది.

ఇక్కడి ఒక షాపులో అడిగితే 700 డాలర్ల దాకా అవుతుందన్నారు. "బాగానే నడుస్తోందిగా, ఎందుకు విప్పటం?" అని కూడా అన్నారు. నడుస్తున్న సర్వర్ జోలికి పోవద్దని మా మేనేజరు చెప్పే మాట అదే! విజయవాడ ఆటోనగర్ లో చాలాకాలం పనిచేసిన మా మేనమామకి ఫోన్ చేశాను. "ఒరే, ట్యాపెట్ కాస్త మాట్లాడుతుంటే బండి బతికున్నట్టు. మూగబోయిందంటే అప్పుడు భయపడు" అన్నాడు. "మావయ్యా, నాది అసలు మాట్లాడట్లేదు" అన్నాను. "అయితే ఇంకా ఫోన్లో కబుర్లేంటి, విప్పు" అన్నాడు.

నిజానికి నాకు తొందర ఇంకోటుంది. ఆ ఎండాకాలం మిత్రులతో కలిసి టెన్నెసీ, నార్త్ కరోలినా సరిహద్దులోని 'టెయిల్ ఆఫ్ ద డ్రాగన్' రోడ్డుకి వెళ్ళాలని ప్లాను. పదకొండు మైళ్ళలో 318 మలుపులు. ఆ కొండల్లో ఒక సిలిండరు చచ్చిన బండితో నిలబడటం నాకిష్టం లేదు.

కొలవటం మీరు భయపడేంత కష్టం కాదు, ఓపిక కావాలంతే. ఇంజను రాత్రంతా చల్లారి ఉండాలి. వెనక సిలిండరు కోసం పెట్రోలు ట్యాంకు ఎత్తి ఎయిర్ బాక్సు తీయాలి, ముందుదాని కోసం రేడియేటరుని వదులు చేసి ముందుకి జరపాలి. వాల్వు కవర్లు విప్పి, ఎడమ పక్కనున్న చిన్న మూత తీసి, రెంచితో క్రాంకుని చేత్తో తిప్పుతూ ఆ సిలిండరు గుర్తు దగ్గర ఆపాలి. పిస్టన్ కంప్రెషన్ స్ట్రోకు పైకొసలో ఉందో లేదో క్యామ్ ల వాలు చూసి నిర్ధారించుకోవాలి. తర్వాత ఫీలర్ గేజి రేకుల్ని ఒక్కొక్కటే సందులో పెట్టి లాగటం. రేకు కొంచెం పట్టినట్టుండి జారితే అదే కొలత. ఇన్‌టేక్ కి 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ కి 0.20 నుంచి 0.30 ఉండాలి. ఆఫీసు ప్రింటరు కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. అంటే మనం వెతికేది రెండు మూడు కాగితాలు పట్టే చోటు!

నాలుగు ఇన్‌టేక్ లూ బాగానే ఉన్నాయి. వెనక ఎగ్జాస్ట్ లు 0.23, 0.22. ముందు ఎగ్జాస్ట్ లు మాత్రం 0.18, 0.15. పట్టులాంటి చప్పుడుతో, ఎక్కడా తడబడకుండా నడుస్తున్న ఇంజనులో ఎనిమిదింట రెండు వాల్వులు హద్దు దాటేశాయి. ఇంకెన్ని మైళ్ళు ఆగేవంటారా? చెప్పలేం. పాత కొలతలు లేకుండా ఒకే ఒక్క డేటా పాయింటుతో గీత గీయటం ఎవరి తరం?

స్ప్లెండర్ లాంటి బళ్ళకైతే స్క్రూ తిప్పితే సరిపోతుంది. ఇందులో స్క్రూ ఉండదు. వాల్వు నెత్తిన బకెట్టు, దాని కింద షిమ్ అనే చిన్న ఉక్కు బిళ్ళ ఉంటాయి. సందు మారాలంటే వేరే మందం బిళ్ళ వేయాలి. లెక్క ఒకటో తరగతిది. పాత బిళ్ళ మందానికి కొలిచిన సందు కలిపి, కావలసిన సందు తీసేయటమే. 0.15 ఉన్నచోట పాత బిళ్ళ 1.75. నాకు కావలసింది 0.25 కాబట్టి కొత్తది 1.65. 0.18 ఉన్నచోట పాతది 1.70, లెక్కకి 1.63 వస్తుంది. బిళ్ళలేమో 0.05 మెట్ల చొప్పున దొరుకుతాయి. 1.65 వేస్తే సందు 0.23, 1.60 వేస్తే 0.28. రెండూ హద్దులోనే ఉన్నాయి గానీ, ఎలాగూ తగ్గే సందే కనక నేను 1.60 వేశాను.

ఒక హెచ్చరిక. కొలవటం ఎవరైనా చేయొచ్చు, బిళ్ళ మార్చటానికి మాత్రం క్యామ్ లు బయటికి తీయాలి. తిరిగి బిగించేటప్పుడు టైమింగ్ చైను పళ్ళు తప్పితే పిస్టన్ వెళ్ళి వాల్వుని గుద్దే ప్రమాదముంది. ఆ ధైర్యం లేకపోతే కొలతల కాగితం పట్టుకుని షాపుకి వెళ్ళటమే తెలివైన పని. క్యామ్ మీది బోల్టులకి 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. అమెరికన్ టార్క్ రెంచి మీద అంకెలు చాలావరకు ఫుట్ పౌండ్లలో ఉంటాయి. అక్కడ 10 దగ్గర పెడితే 13.6 న్యూటన్ మీటర్లవుతుంది, అల్యూమినియం మరలు ఊడివస్తాయి. 1999లో నాసా వాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది ఇలాంటి యూనిట్ల గందరగోళంతోనే కదా!

మిగతావి ఇంత కథ లేని పనులు. ఆయిలు డబ్బా మీద జాసో ఎమ్‌ఏ అని ఉందో లేదో చూడండి. ఈ బళ్ళలో క్లచ్చి అదే ఆయిల్లో మునిగి ఉంటుంది, కార్ల కోసం చేసిన జారుడు ఆయిలు పోస్తే క్లచ్చి జారొచ్చు. ముందు సిలిండరు ప్లగ్గు గుంటలోంచి నీళ్ళు పోవటానికి సన్నటి రంధ్రం ఉంటుంది, మట్టి చేరితే సన్న తీగతో పొడవండి. లేకపోతే వానలో ఒక సిలిండరు మొరాయిస్తుంది. కూలెంటు రెండేళ్ళకోసారి మార్చటం మంచిది.

పనంతా అయ్యాక ఇంజను మునుపటికన్నా కొంచెం ఎక్కువగా టకటకమంటోంది. ఎనిమిది కొలతలూ, బిళ్ళల మందాలూ, మైలేజీ, తేదీ ఒక స్ప్రెడ్‌షీట్ లో రాసుకున్నాను. ఈసారి కొలిచేసరికి రెండో డేటా పాయింటు వస్తుంది. అన్నట్టు, మీలో ఎవరైనా ఈ సీజన్లో పాత బైకు బేరం ఆడబోతుంటే, "వాల్వు క్లియరెన్సు చివరిసారి ఎప్పుడు చూశారు, కొలతలేమన్నా రాసిపెట్టారా?" అని తప్పక అడగండి. సమాధానంగా అమ్మేవాడు ఇంజను స్టార్ట్ చేసి "వినండి, ఎంత సైలెంట్ గా ఉందో" అన్నాడా, షాపు అడిగే ఆ ఏడొందల డాలర్లూ ధరలోంచి తగ్గించమనండి.