టాయిలెట్ నీళ్లే తాగిస్తారట!

శుద్ధి చేసిన మురుగునీటిని ఏదో ఒకరోజు కుళాయిల్లోకి వదిలేస్తారని, దాన్ని ఫ్లష్‌కి వాడినా చర్మవ్యాధులు వస్తాయని అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఓ పుకారు తిరుగుతూ ఉంటుంది. దాన్ని నమ్మినచోట జరిగేది ఒకటే. ఫ్లష్ ట్యాంకులకు శుద్ధి చేసిన నీరు తెచ్చే రెండో పైపు కట్టేస్తారు. సెల్లారులోని ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) ఆపేస్తారు. మురుగు నేరుగా నాలాలో కలుస్తుంది, గేటు ముందు నీళ్ల ట్యాంకర్లు బారులు తీరతాయి.

ఇలాంటి భయమే ఒక ఊరిని ఇరకాటంలో పెట్టింది. ఆస్ట్రేలియాలోని టూవుంబా కొండమీది పట్టణం. కరువుకి దాని డ్యాములు అడుగంటుతుంటే, మురుగునీటిని అధునాతన పద్ధతుల్లో శుద్ధి చేసి డ్యాము నీటిలో పాతిక శాతం దాకా కలుపుదామని నగర పాలక సంస్థ ప్రతిపాదించింది. దాన్ని వ్యతిరేకించినవాళ్లు ఊరికి మలం పేరు కలిపి వెక్కిరించారు, హార్మోన్ల భయం రేపారు. 2006 జులై 29న జరిగిన ఓటింగులో 60 శాతానికి పైగా ‘వద్దు’ అన్నారు. కరువు మాత్రం ఓటింగు కోసం ఆగలేదు. చివరికి దిగువనున్న వైవెన్‌హో డ్యాము నుంచి పైపులైను వేసి, కొండమీదికి నీళ్లు ఎక్కించుకోవాల్సి వచ్చింది.

అంతగా భయపడిన ఆ నీటిని నమీబియా రాజధాని విండ్‌హుక్ 1968 నుంచీ తాగుతోంది. సింగపూర్ 2002 జాతీయ దినోత్సవం నాడు వేలమందికి ‘నీవాటర్’ సీసాలు పంచింది. అక్కడ ఈ నీటిలో ఎక్కువ భాగం వెళ్లేది కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీల వంటి పరిశ్రమలకు. చిప్‌ల తయారీకి మామూలు తాగునీరు సరిపోదు, అంతకంటే శుభ్రమైన నీరు కావాలి. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో 2008లో మొదలైన కేంద్రం మురుగునీటిని సన్నని పొరలగుండా వడగట్టి, ఆర్‌ఓ పట్టి, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి అతినీలలోహిత కాంతి కింద నడిపిస్తుంది. ఆ తర్వాతే భూగర్భంలోకి ఇంకిస్తుంది. ఆ దశకి వచ్చేసరికి నీటిలో లవణాలు మరీ తగ్గిపోతాయి కాబట్టి, అది పైపులను తినేయకుండా సున్నం కలపాల్సి వస్తుంది.

అయినా మన నగరాల్లో శుద్ధి చేసిన మురుగునీటిని ఎవరూ నేరుగా తాగమనడం లేదు. నాగపూర్ మురుగు శుద్ధి అయ్యి కొరాడి థర్మల్ కేంద్రానికి వెళ్తోంది. సూరత్‌లో 2014 నుంచి పండేసరలోని బట్టల మిల్లులు దాన్ని కొనుక్కుంటున్నాయి. చెన్నైలో కోయంబేడు కేంద్రం నీరు పారిశ్రామిక వాడలకు చేరుతోంది. ఫ్యాక్టరీ ఇలా ఎంత నీరు తీసుకుంటే, నదిలోంచో చెరువులోంచో మంచినీటికి అంత పోటీ తగ్గుతుంది. 2024 మార్చిలో నీటి కటకట ముదిరినప్పుడు బెంగళూరు జలమండలి కార్లు కడగడానికి, తోటలకు, కట్టడాలకు తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అంది. ఆ పనులన్నిటికీ శుద్ధి చేసిన నీరే చాలు.

మురుగంటే అంత రోత ఉన్నవాళ్లు చూడాల్సిన చోటు వేరే ఉంది. హైదరాబాద్ మురుగు మోసుకొచ్చే మూసీ నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అదే కృష్ణ నీరు దిగువన విజయవాడ తాగుతుంది. ఎస్టీపీ ఆపేసిన ప్రతి కాలనీ ఆ ప్రవాహంలోకి పచ్చి మురుగు పోస్తున్నట్టే.

అయితే ఒక్క అనుమానాన్ని మాత్రం కొట్టిపారేయడానికి లేదు: ఫ్యాక్టరీల నీళ్లు శుద్ధి చేశామన్నంత మాత్రాన నమ్మలేం అనేది. 2007లో వెలువడిన ఒక అధ్యయనం కోసం స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటకొచ్చే నీటిని పరీక్షించారు. సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు చేరే చోట ఇళ్ల మురుగుకి సరిపోయే పద్ధతి పెడితే ఫలితం అంతే. విండ్‌హుక్ తెలివి ఇక్కడే ఉంది, అది పరిశ్రమల నీటిని ఇళ్ల మురుగులో కలవనివ్వదు. తిరుప్పూరు అద్దకం యూనిట్లను 2011లో మద్రాసు హైకోర్టు మూయించాకే, బొట్టు కూడా బయటకి వదలకుండా తిప్పి వాడే ఏర్పాటు గట్టిపడింది. అక్కడా మిగిలిపోయే ఉప్పుల కుప్పలు పెద్ద తలనొప్పే. కాబట్టి పరిశ్రమల పక్కనున్న ఊళ్లవాళ్లు పరీక్షా ఫలితాలు అడగాలి, ఇవ్వకపోతే నిలదీయాలి.

మిగతా నమ్మకాలకు ఇంత చర్చ అక్కర్లేదు. తేటగా ఉంటే మంచినీరే అనడం తప్పు, కరిగిన లవణాలు కంటికి కనపడవు. మరిగిస్తే అన్నీ పోతాయనడమూ తప్పే, క్రిములు చస్తాయి గానీ రసాయనాలు చాలావరకు ఉండిపోతాయి. శుద్ధి చేసిన మురుగునీరు పోస్తే మొక్కలు చస్తాయంటారు, నిజానికి ఆ నీటిలోని నత్రజని, భాస్వరం వాటికి ఎరువు. లవణాలు ఎక్కువైతేనే చిక్కు.

అపార్ట్‌మెంటువాళ్లు నిజంగా భయపడాల్సింది పైపుల అతుకుల గురించి. 2001లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ శివారులో, టాయిలెట్లకు వేసిన సగం శుద్ధిచేసిన నదీజలాల పైపు తాగునీటి పైపుతో కలిసిపోయి జనం జబ్బుపడ్డారు. అందుకే రెండో లైనుకి వేరే రంగు పైపే వాడాలి, ప్లంబర్ పని చేసిన ప్రతిసారీ ఒక లైను మూసి రెండోదాన్ని పరీక్షించాలి. తోటలో ఆ లైను కుళాయికి ‘తాగరాదు’ అని బోర్డు పెట్టాలి. ఎస్టీపీ నడిపే కాంట్రాక్టరు నుంచి నెలనెలా ల్యాబ్ రిపోర్టు తీసుకుని నోటీసు బోర్డుకి అంటించాలి. అందులో మొదట బీఓడీ (నీటిలో మిగిలిన సేంద్రియ వ్యర్థాల కొలత) అంకె, తర్వాత క్రిముల లెక్క, క్లోరిన్ చూడాలి. నీళ్లు వాసన కొడుతున్నాయంటే ప్లాంటు సరిగా నడవడం లేదని అర్థం. అలాంటప్పుడు గాలి ఊదే బ్లోయర్లు రాత్రిళ్లు కరెంటు బిల్లు కోసం ఆపేస్తున్నారేమో ముందు కనుక్కోవాలి.