కీళ్ళనొప్పి మందులు - కడుపులో మంట

ఫాల్గుణమాసమున ఆర్మూరు చుట్టుప్రక్కల గ్రామములలో ఏ కళ్ళము చూచినను పసుపుపచ్చగా నుండును. త్రవ్వి తెచ్చిన దుంపలను ఉడుకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపట్టి నిజామాబాదు యార్డునకు తరలింతురు. వంగియు, గొంతుకూర్చుండియు, బస్తాలు మోసియు చేయవలసిన పని యిది. నడివయస్సు దాటినవారి మోకాళ్ళు, నడుములు నొచ్చుట వింత కాదు. ఆ నొప్పికి వైద్యుని చీటీ లేకయే కొన్న గోలి ప్రొద్దుటి చాయతో పరగడుపున పడుటయు, నెల తిరుగునప్పటికి కడుపులో మంట యని మరియొక గోలి దానికి తోడగుటయు మాత్రము ఆలోచింపదగిన విషయము. మొదటి గోలికిని ఆ మంటకును గల సంబంధమును శ్రోతలకు విప్పి చెప్పదలచినాము.

దెబ్బతిన్న కీలులో ప్రోస్టాగ్లాండినులను పదార్థములు పుట్టి వాపును, నొప్పిని హెచ్చించును. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, న్యాప్రోక్సెన్ మొదలగు మందులు వాని పుట్టుకను అరికట్టును. ఆస్పిరిన్ కూడ ఈ కుటుంబములోనిదే. అది 1899 నుండియు అంగళ్ళలో నున్నను, పనిచేయు విధము 1971 లో జాన్ వేన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కనుగొనువరకు తెలియరాలేదు. ఆయన 1982 లో నోబెల్ బహుమానము పంచుకొనెను.

చిక్కు ఎక్కడ ననగా, ఆ ప్రోస్టాగ్లాండినులే జీర్ణకోశమునకు కావలివాండ్రు. లోపలి గోడపై జిగురుపొరను నిలుపునవి, ఆమ్లమును విరుచు క్షారమును ఊరించునవి, గోడకు రక్తప్రసారమును కాపాడునవి అవియే. మందు మోకాలిలోని వానిని ఆపి కడుపులోని వానిని విడిచిపెట్టదు. కావలి తొలగిన గోడను మన ఆమ్లమే తిని పుండు చేయును.

కనుక ఈ హాని గోలి కడుపులో ఒరసికొనుటచేతనే కలుగునది కాదు; రక్తము ద్వారా కూడ కలుగును. సూదిమందు వేయించుకొన్నను ముప్పు తప్పదు. అన్నము తిని వేసికొనిన మంట తగ్గవచ్చును గాని పుండు రాదను భరోసా లేదు. మంట లేనంతమాత్రమున పుండు లేదనియు తలపరాదు. వృద్ధులలో పలువురికి ఏ బాధయు తెలియకయే రక్తస్రావము మొదలగును. మలము తారువలె నల్లగా, జిగటగా వచ్చినను, వాంతిలో నెత్తురు గాని కాఫీపొడి వంటి నలుసులు గాని కనబడినను తెల్లవారనిమ్మని ఆగరాదు. 108 కి ఫోను చేసి ఆసుపత్రి చేరవలెను. ఇనుము గోలీలచేతను మలము నల్లబడుట కలదు, కాని ఆ నిర్ణయము వైద్యునిది, మనది కాదు.

అరువదియైదేండ్లు దాటినవారికి, మునుపు పుండు వచ్చినవారికి, స్టెరాయిడ్లుగాని రక్తము పలుచబరచు మందులుగాని వాడువారికి ముప్పు హెచ్చు. ఒక చోట ఇచ్చిన డైక్లోఫెనాక్‌కు తోడు వేరొక చోట వేరు పేరుతో ఎసిక్లోఫెనాక్ కొనువారు కూడ ఇట్టివారే. రెండును ఒకే జాతివి. గుండెకై చిన్నమోతాదు ఆస్పిరిన్ వాడువారు దానిని తమంతట మానరాదు గాని, ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. మండుటెండలో నీరు చాలక పనిచేయువారికి ఈ గోలీలు మూత్రపిండములను సైతము దెబ్బతీయవచ్చును.

మోకాలికి, చేతివ్రేళ్ళకు ముందుగా డైక్లోఫెనాక్ జెల్ పూసి చూడవచ్చును. రక్తములో చేరునది బహు స్వల్పము. తొడకండరములకు బలమిచ్చు వ్యాయామము నిజముగా మేలుచేయును. గోలి తప్పనిచో తక్కువ మోతాదున, తక్కువ దినములు. ముప్పుగలవారికి వైద్యులు ఒమెప్రజోల్ లేక పాంటోప్రజోల్ జతచేయుదురు. దానిని మంట పుట్టినప్పుడు మాత్రమే గాక, నొప్పిమందు వాడు ప్రతిదినము, తినుటకు అరగంట ముందు మ్రింగవలెను.

ఇంత పసుపు పండించు మాకు గోలీలేల యని అడుగువారు కలరు. తోసివేయదగిన ప్రశ్న కాదు. కుర్కుమిన్ మోకాళ్ళనొప్పిని కొంత తగ్గించునని చిన్న పరిశోధనలు కొన్ని తెల్పినవి. అవి సారము తీసి చేసిన గుళికలతో జరిగినవి. కొమ్ములో కుర్కుమిన్ నూటికి మూడు పాళ్ళకు అటునిటు. పాలలో చెంచాడు కలిపిన అది ఔషధమోతాదు కాజాలదు. గుళికలు కొనువారును తెలిసికొనవలసిన దేమనగా, వానివలన కొందరికి కాలేయము చెడిన సందర్భములు కలవు.

ఉదయము లేచినది మొదలు గంటకు పైగా రెండుచేతుల వ్రేళ్ళు బిగుసుకొని, వాచియుండిన అది అరుగుదల కాక కీళ్ళవాతము కావచ్చును. నొప్పిగోలి దానిని ఆపదు. లోపల కీలు చెడుచునే యుండును. అందులకు వాడు మెథోట్రెక్సేట్, భీమవరమున 1895 లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో అమెరికాలో జరిగిన పరిశోధనల ఫలము. అది వారమున కొక్క దినము మాత్రమే వాడవలసిన మందు. పొరపాటున ప్రతిదినము మ్రింగిన ప్రాణాపాయము.

వైద్యుని వద్దకు పోవునప్పుడు ఇంటనున్న గోలీల అట్టలన్నియు, ఖాళీవి సైతము, సంచిలో వేసికొని పొండు. "ఎర్రగోలి వేసికొంటిని" అనిన ఆయన కేమి తెలియును?