యంత్రం వెనక చెయ్యి

మనిషికీ కంప్యూటరుకీ చదరంగం పోటీ అనగానే ఎవరు గెలిచారని అడుగుతారు అందరూ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మనకి ముందు రావలసిన ప్రశ్న వేరు: ఆ ప్రోగ్రాముని ఎవరు, ఎప్పుడు ముట్టుకోవచ్చు?

1997 మే నెలలో న్యూయార్కులో ఐబీఎం వారి డీప్ బ్లూ 3.5-2.5 తేడాతో కాస్పరోవ్‌ని ఓడించింది. ఆట నడుస్తుండగా మనిషి జోక్యం కూడదు. ఆటకీ ఆటకీ మధ్య మాత్రం ప్రోగ్రాముని మార్చుకోవచ్చు. రెండో ఆటలో ఎత్తులు మరీ మనిషి వేసినట్టున్నాయని కాస్పరోవ్‌కి అనుమానం వచ్చింది, లాగ్‌లు చూపించమన్నాడు. అవి వెంటనే అతని చేతికి రాలేదు. తరువాత ఎప్పుడో ఐబీఎం వాటిని ఇంటర్నెట్లో పెట్టింది.

మోసం జరిగిందని నేననుకోను. నన్ను ఇబ్బంది పెట్టేది ఆరో ఆట. ఎనిమిదో ఎత్తులో డీప్ బ్లూ గుర్రాన్ని బలి ఇచ్చింది. పందొమ్మిది ఎత్తుల్లో ఆట ముగిసింది. ఐబీఎం బృందంలో పనిచేసిన గ్రాండ్‌మాస్టర్ ఇయెస్కాస్, ఆ ఎత్తుని ఆ రోజు పొద్దున్నే యంత్రానికి చెప్పి ఉంచామని 2009లో ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. గో-లైవ్ రోజు పొద్దున్న చేసిన మార్పన్నమాట! నిబంధనల ప్రకారం తప్పేమీ లేదు. కాస్పరోవ్ కూడా తన బృందంతో కూర్చునేవాడు కదా అనొచ్చు. నిజమే. కానీ అతని జీవితకాలపు ఆటలన్నీ అచ్చులో ఉన్నాయి. ఆ యంత్రం అంతకుముందు ఆడినవి మాత్రం అతనికి చూపించలేదు. చిక్కంతా అక్కడుంది.

క్రామ్నిక్ జాగ్రత్తపడ్డాడు. 2002లో బహ్రెయిన్ పోటీకి ముందే డీప్ ఫ్రిట్జ్ ప్రతి తీసుకుని ఆడి చూసుకున్నాడు. ఫలితం 4-4. 2006లో బాన్‌లో ఒక్క ఎత్తులో పడే మాట్ కనిపించక ఒక ఆట, చివరికి పోటీ కూడా పోగొట్టుకున్నాడు. అయినా ఎవరూ లాగ్‌ల గురించి గొడవపడలేదు.

ఇక్కడ ఆస్ట్రేలియాలో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో వచ్చింది. 1990ల చివర్లో కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ (మనందరికీ తెలిసిన సాంబా ఆయనదే), జోనాథన్ బాక్స్‌టర్, లెక్స్ వీవర్ కలిసి నైట్‌క్యాప్ అనే ప్రోగ్రాముతో ఒక ప్రయోగం చేశారు. ఇంటర్నెట్ చెస్ సర్వర్ మీద మనుషులతోనూ యంత్రాలతోనూ ఆడి, ప్రతి ఆట తరువాత తన లెక్కల్ని తనే సవరించుకునేది. మూడు రోజుల్లో 308 ఆటలకి రేటింగు 1650 నుంచి 2150కి చేరింది. తనతో తను ఆడుకుంటే అంత బాగా నేర్చుకోలేదు.

అంటే ఆటకీ ఆటకీ మధ్య మార్పు ఇక్కడా ఉంది, చేసిన చెయ్యి మాత్రం మనిషిది కాదు. ఆ మార్పుకి సరుకు ఇచ్చింది ఎదురుగా కూర్చున్నవాడే. ఇది న్యాయమేనా అంటే, న్యాయమే అంటాను. దాని సోర్స్ కోడ్ జీపీఎల్ కింద బయట పెట్టారు. కావలసినవాడు తెరిచి చదువుకోవచ్చు, ఇంట్లో కంపైల్ చేసుకుని దానితో ఆడుకోవచ్చు. కాస్పరోవ్ అడిగినది అందులో పిసరంత.